తిథి తెలిసిన అతిథులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



అతిథి యను మాటకు పెద్దలు చెప్పు అర్థము తిథి నియమము లేక వచ్చువాడని. ఏ దినమున వచ్చునో, ఏ వేళకు తలుపు తట్టునో తెలియనివాడు గనుకనే ఆతనికి ఆ పేరు కలిగినది. అట్టివానికై ఇల్లు ప్రత్యేకముగా సిద్ధపడుటకు వీలులేదు. ఉన్న యిల్లు, ఉన్న అన్నము, ఉన్న చాప, అంతియే. గృహస్థుని మర్యాద ఎంతటిదో ఆ గడియలోనే తేలిపోవును.

పట్టణములు ఎదురుచూచు గొప్ప అతిథులు ఈ తెగవారు కారు. వారి రాకకు తిథియే కాదు, గంటయు నిమిషమును గూడ ముందే నిర్ణయింపబడి కార్యాలయములన్నింటికి కాగితము పోవును. విమానము గన్నవరములో దిగుట ఇన్ని గంటల ఇన్ని నిమిషములకు, వేదికపై ఇన్ని నిమిషములు, భోజనమునకు ఇన్ని, తిరుగు ప్రయాణము ఇన్నింటికి. ఆ కాగితము చేరిన దినమునుండి పట్టణము వేషము మార్చుకొన నారంభించును. ఆ వేషములో నిలుచునదేది, మరునాడే ఊడిపోవునదేది, దాని ఖర్చు ఎవరిపై పడుచున్నది? విజయవాడను, కృష్ణా డెల్టాను కన్నుల ముందుంచుకొని ఈ విషయమును కొంత విచారించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము. తోరణములు కట్టిన పందిరిలో కూర్చుండి తోరణములను గూర్చి మాటలాడుట అంత అనుచితము కాదు.

అలంకరించుకొనుట తప్పని ఎవరును అనజాలరు. సంక్రాంతి వచ్చుచున్నదనగా తెలుగు ఇల్లాలు బూజు దులుపును; గోడలకు వెల్ల వేయించును; అరుగులకు ఎర్రమన్ను పూసి, వాకిలి అలికి ముగ్గు పెట్టును. పెండ్లిచూపుల నాటి సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రక్కయింటి కుర్చీలు, ఎదురింటి వెండిగ్లాసులు, మేనత్తగారి కొత్త దుప్పటి, అన్నియు ఆ పూటకు ఆ యింటికి చేరును. వరుని తల్లికి ఇది తెలియక కాదు. తన కూతురిని చూడ వచ్చినపుడు ఆమెయు ఇదే చేసియుండును గనుక ఆ గ్లాసులు ఎవరివని అడుగదు. ఇందులో మోసముకంటె మర్యాదయే ఎక్కువ. వచ్చువారిని గౌరవించితిమని తెలియజేయుటకు ఇల్లు మాటలాడు భాష అది. అయితే ఒక భేదము కలదు. సంక్రాంతికి వేసిన సున్నము పండుగ పోయినను గోడపై నుండును; దాని ఫలమనుభవించునది ఆ యింటివారే. తెచ్చిన కుర్చీలు మాత్రము సాయంకాలమునకే తిరిగి పోవును. పట్టణముల సింగారములో సున్నము పాలెంత, ఎరువు కుర్చీల పాలెంత యను దానిపైననే అంతయు ఆధారపడియున్నది.

ప్రధానమంత్రియో, రాష్ట్రపతియో, మరియొక పెద్దయో విజయవాడకు వచ్చుచున్నారనుకొనుడు. గన్నవరమునుండి కేసరపల్లి, గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు, ప్రసాదంపాడు మీదుగా రామవరప్పాడు చేరి, అటనుండి బెంజి సర్కిలు వైపు సాగు జాతీయ రహదారికి ఆ వారములో కలుగు వైభవము వర్షాకాలపు వరిచేనుకు సైతము కలుగదు. నెలల తరబడి మోటారు సైకిళ్లవారిని క్రింద పడవేసిన గుంటలు రెండు రాత్రులలో తారుతో కప్పబడును. డివైడర్లకు నలుపు తెలుపు పట్టెలు పడును. ఎండిన గడ్డి పోయి పచ్చగడ్డి పలకలుగా వచ్చి పరచుకొనును. లారీలలో పూలకుండీలు దిగును. సభ ముగిసిన పిమ్మట ఆ లారీలే వచ్చి వానిని ఎక్కించుకొని పోవును. వెలుగని వీధిదీపములు వెలుగును. చెట్ల మొదళ్లకు జాజు, సున్నము పట్టెలుగా పూయబడును. తోపుడుబండ్లవారికి మూడు దినములు ప్రక్కసందులలోనికి పొమ్మని ఆజ్ఞ అగును. కాన్వాయి పోవు తీరును ముందునాడే ఒకసారి నడిపి చూతురు. ఆ నడిపి చూచుటకును దారులు మూయబడును. కట్టకడపట రోడ్డు అంచుల వెంట ముగ్గుపిండియు బ్లీచింగు పొడియు కలిపి ఒక తెల్లని గీత గీయుదురు. పత్రిక చదువనివారు సైతము ఆ గీతను బట్టి నాయకుడు ఏ మలుపు తిరుగునో, ఏ వీధిలోనికి రాడో చెప్పగలరు. గీత ఆగినచోట ప్రభుత్వము ఆగినదని విజయవాడ రిక్షావారు ఒకప్పుడు అనుకొనియుందురేమో. అనకపోయినను ఆ మాట అసత్యము కాదు.

గ్రామములకు వచ్చుసరికి ఇదియే చిన్న కొలతలో జరుగును. పాఠశాల ఆటస్థలము హెలిపాడుగా మారును. గాలికి అడ్డమని చెట్ల కొమ్మలు, ఒక్కొక్కప్పుడు చెట్లే కొట్టివేయబడును. మురుగుగుంట పూడ్చుటకు కాలము చాలనిచోట పరదా కట్టుదురు. ఇటీవలి సంవత్సరములలో ముఖ్యమంత్రుల పర్యటనలకు దారిపొడవున పరదాలు కట్టుటయు, చెట్లు నరకుటయు ఆంధ్రప్రదేశములో ఎన్నికల ఉపన్యాసములకే విషయమగునంత దూరము పోయినవి. పరదా వెనుక నిలిచియున్నవానికి తన వీధి చూచుటకు తగనిదని ఎవరో తీర్పుచెప్పినట్లు తోచును. ఈ సింగారములో అన్నిటికంటె ఎక్కువ నొప్పి కలిగించునది ఇదియే. ధనవ్యయము దీని తరువాతిది.

ఈ అలవాటు నేటిది కాదు. విజయవాడ బందరు రోడ్డుపై ఒక పాత భవనము కలదు. 1887లో విక్టోరియా రాణి పాలనకు ఏబది యేండ్లు నిండినపుడు ఆమె పేర తలపెట్టబడిన జూబిలీ మందిరమది. ఆ రాణి భారతదేశమున ఏనాడును అడుగిడలేదు. రాని అతిథికై కట్టిన యిల్లన్నమాట! కాని కాలము చేయు చమత్కారము చూడుడు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనపుడు గాంధీ మహాత్ముడు వచ్చెను. కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు తాము రూపొందించిన పతాకమును ఆయనకు సమర్పించినది ఆ సందర్భముననే. రాణి పేర వెలసిన ఆ మందిరము ఆ ఘట్టముతో ముడిపడి, నేడు బాపూ మ్యూజియముగా నిలిచియున్నది.

ఆ సమావేశమునకు వచ్చిన పెద్దలు తిథి తెలిసిన అతిథులే. ఊరు వారికై సిద్ధపడకుండునా? కాని వారు పోవునపుడు ఊరికి, దేశమునకు పని అప్పగించి పోయిరి: తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి సభ్యులు, ఇండ్లలో ఇరువది లక్షల రాట్నములు, జూను ఆఖరునకు పూర్తికావలెను. అతిథి వచ్చిపోయిన తరువాత మిగులవలసినది వాడిన పూలదండ గాక ఇట్టి లెక్క యొకటి అయినచో, ఆ రాకకు కట్టిన తోరణము వ్యర్థము కాదు.

గొప్పవారు వచ్చినపుడు ఊరు తల వంచియే యుండవలెనని బెజవాడ ఎన్నడును ఒప్పుకొనలేదు. 1928లో దేశమునకు వచ్చిన సైమను కమీషనులో భారతీయుడు ఒక్కడును లేకపోవుటచే దేశమంతయు దానిని బహిష్కరించెను. ఆనాడు బెజవాడ పురపాలక సంఘాధ్యక్షులుగా నున్న అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆ కమీషనుకు సన్మానపత్రమునకు మారుగా, వెనుకకు మరలుమని సంఘము పక్షమున నోటీసు అందజేయించిరి. దొరలు వచ్చునపుడు ఎర్రబట్ట పరచుటకే పుట్టినవని పురపాలక సంఘములను గూర్చి అనుకొను దినములలో ఇది చిన్న పని కాదు. ఆ కాళేశ్వరరావుగారే తరువాత 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైరి. పాతబస్తీలోని పెద్ద కూరగాయల మార్కెట్టు నేటికిని వారి పేరనే పిలువబడుచున్నది.

ఇతర దేశములలోను ఈ కథలు ఉన్నవి. 1787లో రష్యా రాణి కాథరిను క్రొత్తగా జయించిన క్రిమియా ప్రాంతమును చూడబోయినపుడు, ఆమె మంత్రి పొటెంకిను నదీతీరమున బొమ్మ గ్రామములు నిలిపి, ఆమె పడవ దాటగానే విప్పించి ముందునకు పంపెనని ప్రచారము. చరిత్రకారులు చాలమంది ఈ కథ అతిశయోక్తి యనియే తేల్చిరి; ఉన్న ఊళ్లనే సింగారించియుండవచ్చునని వారి తాత్పర్యము. కథ అబద్ధమైనను రెండు శతాబ్దములకు పైగా చావకుండుటకు కారణము మాత్రము స్పష్టము. ప్రతి దేశములోను వినువారికి తమ ఊరి సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును.

గాంధీమహాత్ముడు ఈ విషయమున చేసిన పని యొకటి విశేషముగా తలచుకొనదగినది. 1916 ఫిబ్రవరి 4వ తేదీన కాశీలో హిందూ విశ్వవిద్యాలయమునకు వైస్రాయి హార్డింజి ప్రభువు శంకుస్థాపన చేసెను. మహారాజులు ఆభరణములతో మెరసిరి. రెండు దినముల పిమ్మట, అప్పటికింకను దేశమున అంతగా పేరెరుగని గాంధీగారు ఉపన్యసించ లేచిరి. విశ్వనాథుని ఆలయమునకు పోవు సందులను తాము నడిచి చూచితిమనియు, ఆకాశమునుండి ఒక కొత్తవాడు ఊడిపడి ఆ మురికిని చూచినచో మనలను గూర్చి ఏమనుకొనుననియు అడిగిరి. వైస్రాయి పోవు దారి వెంట నిలిపిన రహస్య పోలీసులను గూర్చియు, ఇంత అపనమ్మకము ఎందుకని ప్రశ్నించిరి. సభలో కలవరము పుట్టెను, అనిబిసెంటమ్మగారు అడ్డుపడిరి, రాజులు లేచిపోయిరి, ఉపన్యాసము పూర్తి కాలేదు. పందిరికింద ఉన్న శోభను విడిచి పందిరి వెనుక సందును చూపినవాడు సభాభంగము చేసినవాడగుట లోకమున కొత్త కాదు. ఆయనయే అంతకు ముందు 1901లో కలకత్తా కాంగ్రెసుకు పోయినపుడు, శిబిరములోని మరుగుదొడ్ల దుస్థితిని చూచి, వాలంటీర్లు తమ పని కాదనగా, తానే చీపురు పట్టి శుభ్రము చేసికొనెను. కాశీలో సందులను గూర్చి మాటలాడుటకు అధికారము ఆ చీపురునుండి వచ్చినది.

ఇక ఈ సింగారము మనుష్యుల మీదికి పోయిన సందర్భములు కలవు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటను హైదరాబాదునకు వచ్చినపుడు భిక్షకులను వీధులనుండి తొలగించిరి. 2017 నవంబరు 28వ తేదీన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సునకు అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంపు రానున్న తరుణములో అక్కడి పోలీసు అధికారులు నగరమున రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించిరి. పట్టువడిన వారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలలో ఏర్పరచిన ఆశ్రమములకు తరలించిరి. భిక్షకుని జాడ చెప్పినవారికి 500 రూపాయలు బహుమానమిత్తుమని జైళ్లశాఖ ప్రకటించెను. ఆకలితో నున్నవానికి ఆశ్రమము చూపుట పుణ్యకార్యమే. దానిని అతిథి రాకకు ముందు వారములలోనే తలచుకొనుటలో చిక్కున్నది. నిషేధము ముగియు తేదీ ఆజ్ఞలోనే వ్రాయబడియుండెను. ఆకలి ముగియు తేదీ మాత్రము ఎవరును వ్రాయలేదు. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంపు అహమ్మదాబాదునకు వచ్చుటకు ముందు, విమానాశ్రయమునుండి పోవు దారిలో ఒక గుడిసెలవాడ ముందు గోడయే కట్టిరి. పరదాకంటె గోడ మన్నికైనది. అంతే భేదము.

ఇప్పుడు కృష్ణాతీరమునకు మరల వత్తము. పుష్కరములకు వచ్చు యాత్రికులును తిథి తెలిసిన అతిథులే. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించు దినము పంచాంగము చూచినవారందరకు ముందే తెలియును. కాని వీరు నిమిషముల కాగితముతో వచ్చువారు కారు. మూటముల్లెలతో, ముసలి తల్లిదండ్రులతో వచ్చువారు. 2016 ఆగస్టు 12 మొదలు 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరములకు విజయవాడ చేసికొన్న సన్నాహమును ఈ దృష్టితో పరిశీలించుట మంచిది. దుర్గా ఘాటు, కృష్ణవేణి ఘాటు, పద్మావతి ఘాటు విస్తరింపబడినవి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా వచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలియుచోట, ఇబ్రహీంపట్నమువద్ద, పవిత్రసంగమ ఘాటు వెలసినది. పండ్రెండు దినములు పోయినను ఆ మెట్లు పోలేదు. ఉదయము నడకకు వచ్చువారు, పితృకార్యములకు వచ్చువారు, ఊరక నీటిని చూచుచు కూర్చుండువారు నేటికిని వానిని వాడుకొనుచున్నారు. ఇది సంక్రాంతి సున్నము వంటిది.

ఆ సన్నాహములోనే మరియొక వైపును కలదు. రహదారి వెడల్పుకై, ఘాటుల విస్తరణకై నదీతీరమునను, కొండ దిగువను ఉన్న పలు చిన్న దేవాలయములను పుష్కరములకు ముందు తొలగించిరి. శనైశ్చరాలయము, సీతమ్మవారి పాదములు, బొడ్డుబొమ్మ మొదలగునవి అందులో చేరినవి. తొలగింపు రాత్రికి రాత్రి జరిగినదని పట్టణమున పెద్ద అలజడి రేగెను. 2021 జనవరి 8వ తేదీన తొమ్మిది ఆలయముల పునర్నిర్మాణమునకు శంకుస్థాపన జరిగెను. రోడ్లు వెడల్పు కావలసినవే. ఇరుకు వీధులలో లక్షల జనము తొక్కిసలాడరాదు. కాని నెలలు పట్టవలసిన సంప్రదింపు తిథి దగ్గర పడుటచే రాత్రులలోనికి కుదింపబడినపుడు, ఊరివారికి తమ ఊరే అపరిచితమగును. పుష్కరములు పండ్రెండేండ్లకొకసారి వచ్చునని తెలిసియు పదునొకండేండ్లు ఊరకుండి, పండ్రెండవ యేట పలుగులు పట్టుట మానవ స్వభావము కాబోలు. 2028లో మరల పుష్కరములు రానున్నవి.

నదికి ఆవలి ఒడ్డున ఉద్దండరాయునిపాలెము కలదు. 2015 అక్టోబరు 22, విజయదశమినాడు ప్రధానమంత్రి నరేంద్రమోదీ అక్కడ అమరావతి రాజధానికి శంకుస్థాపన చేసెను. పార్లమెంటు ఆవరణనుండి మట్టియు, యమునా జలమును తెచ్చిరి. ఆనాటి సింగారమును చూచినవారు జీవితాంతము చెప్పుకొందురు. 29 గ్రామములకు చెందిన రైతులు తమ భూములను సమీకరణ క్రింద ఇచ్చియుండిరి. తరువాత ప్రభుత్వము మారెను, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చెను, పనులు నిలిచిపోయెను. శంకుస్థాపన జరిగిన ప్రాంతమును తుమ్మచెట్లు, ముండ్లకంపలు ఆక్రమించినవి. 2024లో మరల ప్రభుత్వము మారిన తరువాత యంత్రములు పెట్టి ఆ అడవిని కొట్టించిరి. 2025 మే 2వ తేదీన ప్రధానమంత్రి మరల వచ్చి వెలగపూడిలో పనుల పునఃప్రారంభము గావించెను. ఏ పక్షమువారిది తప్పు, ఎవరిది ఒప్పు అను వాదము గ్రంథాలయ వేదికపై తేల్చదగినది కాదు. రెండు సభలకు నడుమ తొమ్మిదిన్నర సంవత్సరములు గడచినవనునది మాత్రము వాదముతో పనిలేని లెక్క. రెండు సార్లును దారులు తీర్చబడినవి. రెండు సార్లును వేదికలు మెరసినవి. భూమి ఇచ్చిన రైతుకు కావలసినది ఆ రెండు దినముల నడుమ ఉన్న దినములలో పని.

ఇంతవరకు చెప్పినవారందరు తేదీ తెలిపి వచ్చినవారు. నిజమైన అతిథి, అనగా తిథి చెప్పక వచ్చినవాడు, విజయవాడకు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో వచ్చెను. ఆ అతిథి పేరు బుడమేరు. బెజవాడకు దుఃఖదాయిని యని ఆ యేటికి చిరకాలముగా పేరు. దాని వరదను వెలగలేరునుండి కృష్ణలోనికి మరలించు కాలువకు గండ్లుపడి, సింగునగరు మొదలగు పేటలు నీట మునిగెను. అదే సమయమున కృష్ణలోను మునుపెన్నడు ఎరుగని వరద; ప్రకాశము బ్యారేజివద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటెను. లక్షలాది జనము మిద్దెలపై, చీకటిలో, పాలకును నీళ్లకును ఎదురుచూచిరి.

సింగునగరు రైలుపట్టాలకు ఆవల నున్నది. గన్నవరమునుండి బెంజి సర్కిలుకు పోవు పెద్దల దారిలో అది కనబడదు. బుడమేటి గట్లును, దాని గర్భమును ఆక్రమించిన కట్టడములును ఏ కాన్వాయి అద్దములోను పడవు. కంటబడని గట్టుకు సున్నపు గీత ఎవరు గీయుదురు? ఏటికేడు పూలకుండీలు మోసిన లారీలు మన్ను మోసియుండిన ఆ గండ్లు పడకుండెనా యని అడుగువారు కలరు. అది అంత తేలికగా చెప్పదగిన మాట కాదు. అంత వానకు అంత వరద వచ్చితీరును. అయినను ఆ ప్రశ్నను ఊరు మరచిపోరాదు.

ఆ వరదలో ఒక విశేషము జరిగెను. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విజయవాడ కలెక్టరు కార్యాలయముననే పలుదినములు మకాము చేసెను. నీరు తీసిన పిమ్మట ఇతర పట్టణములనుండి పారిశుద్ధ్య కార్మికులను రప్పించిరి. అగ్నిమాపక యంత్రములు వచ్చి వీధులను, ఇండ్లలోని బురదను కడిగినవి. ఆ పేటల సందులు ఎన్నడును అంతటి శ్రద్ధకు నోచుకొనియుండలేదు. అతిథి బురద తెచ్చినను, మొదటిసారిగా ఇంటివారికొరకే ఇల్లు కడుగుట జరిగినది.

ఈ కడుగువారిని గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. పెద్దలు వచ్చు ముందురాత్రి పట్టణము నిద్రించుచుండగా చీపుళ్లు పట్టువారు, వరద తీసిన పిమ్మట బురదలో దిగువారు, దసరా నవరాత్రములలో ఇంద్రకీలాద్రి దిగువను లక్షలమంది విడిచిపోయిన విస్తళ్లను, చెప్పులను ఎత్తువారు ఒక్కరే. అతిథి దిగు దినమున వారిని సైతము కనబడనీయరు. పని పూర్తిచేసి తెల్లవారక మునుపే ప్రక్కకు తప్పుకొనవలెను. 2023 డిసెంబరు 26వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ పురపాలక కార్మికులు జీతముల విషయమై రెండు వారములకు పైగా సమ్మె చేసినపుడు, ప్రతి వీధి మొగను చెత్త పేరుకొని, వారు ఎవరో పట్టణములకు తెలిసివచ్చెను. ఆ సమ్మె ముగిసిన కొలది దినములకే, 2024 జనవరి 19వ తేదీన విజయవాడ స్వరాజ్య మైదానములో డాక్టరు అంబేద్కరు మహాశయుని 125 అడుగుల విగ్రహము ఆవిష్కరింపబడెను. ఆ సభకు పట్టణమును ఊడ్చి సిద్ధము చేసినవారును వారే. చీపురు పట్టినవాని గౌరవముకొరకు జన్మమంతయు పోరాడిన మహనీయుని పాదములచెంత ఆ చీపురు పనిచేసినది.

విజయవాడ నిత్యము మురికిగా నుండునని దీనిని బట్టి అనుకొనరాదు. 2021లో జరిగిన స్వచ్ఛ సర్వేక్షణములో, పది లక్షలకు మించిన జనాభా గల నగరములలో, ఇందూరు, సూరతుల తరువాత విజయవాడకే మూడవ స్థానము వచ్చెను. ఒకనాటి ఊడ్పుతో వచ్చు స్థానము కాదది. ఇంటింటికి పోయి తడిచెత్త, పొడిచెత్త వేరుగా తెచ్చుకొను కార్మికుల నిత్యకృత్యము దాని వెనుక నున్నది. ఆ పరీక్షకులును ఒక విధమైన అతిథులేనని, వారు వచ్చు వారములో కొంత మెరుగు ఎక్కువ పడునని ఎవరైన నవ్వవచ్చును. నవ్వనిండు. పరీక్షకు ముందు చదివిన చదువును చదువే.

పరీక్షకుడనగా గాంధీగారి ఆత్మకథలోని సంగతి స్ఫురించుచున్నది. రాజకోటలో ఆయన చదువుకొను పాఠశాలకు జైల్సు అను ఇనస్పెక్టరు వచ్చి ఐదు ఇంగ్లీషు మాటలు వ్రాయించెను. అందులో కెటిల్ అను మాట ఒకటి. బాలుడైన గాంధీ దానిని తప్పు వ్రాసెను. ఉపాధ్యాయుడు బూటుకాలి కొనతో తట్టి, ప్రక్కవాని పలకను చూచి దిద్దుకొమ్మని సంజ్ఞ చేసినను ఆ బాలునికి అది తోచలేదు. తక్కిన వారందరు సరిగా వ్రాసిరి. తెలివితక్కువవాడు ఆ ఒక్కడే అని తేలెను. పాఠశాలను సింగారించు ఉపాధ్యాయుడు ప్రతి ఊరిలోను ఉండును. గోడపై పటములు, మెడలో టైలు, ముందే నేర్పిన జవాబులు. ఇనస్పెక్టరు పోగానే పటములు మరల బీరువాలోనికి.

గ్రంథాలయములకు ఈ మాట వర్తింపదని అనుకొనరాదు. 1914 ఏప్రిలు 10వ తేదీన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు చేరి సంఘము స్థాపించుకొన్న నాటనుండి, అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర తిరిగి పెంచిన ఈ ఉద్యమము పెద్దల రాకలను చాల చూచినది. ప్రారంభోత్సవ ఫలకములు గోడలపై ఉండి పుస్తకములు చెదలకు పోయిన శాలలు డెల్టాలో లేకపోలేదు. 1960 నాటి చట్టము ప్రకారము ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకము. ప్రజలు చెల్లించిన ఆ పైసలు స్థానిక సంస్థల చేతిలో ఆగిపోవుచున్నవని గ్రంథాలయముల వారి చిరకాలపు ఫిర్యాదు. ఒక పర్యటనకు కట్టిన పరదాల వెలతో ఎన్ని బీరువాలు నిండునో లెక్కవేయుట ఎవరికిని కష్టము కాదు.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకములే అతిథులై గట్టు గట్టున ఆగుచు పోయినవి. రాట్నము నూరని, బండి పోని పల్లెకు సైతము నీరు పోవును గనుక పడవ పోయినది. ఆ పడవకై ఏ రేవునను గుంటలు పూడ్చియుండరు. చదువరి ఒకడు గట్టున నిలిచియున్న చాలును.

ప్రతి గ్రంథాలయమునందును రెండు పుస్తకములు బల్లపై నుండును. ఒకటి సందర్శకుల పుస్తకము. అట్టబైండుతో, మంచి కాగితముతో నుండును. వచ్చిన పెద్దలు అందులో రెండు మంచి మాటలు వ్రాసి సంతకము చేయుదురు. రెండవది పుస్తకములు ఇచ్చు పుచ్చుకొను రిజిస్టరు. అంచులు నలిగి, సిరా మరకలతో నుండును. అందులో పొగడ్త యేమియు లేదు. పేరు, పుస్తకము, తీసికొన్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ. ముసురుపట్టిన శ్రావణమాసపు మంగళవారము నాడు సైతము రెండు మూడు పేర్లు అందులో ఉండును. వారెవ్వరును ముందుగా తెలిపి రాలేదు.

ఉత్సవము ముగిసిన మరునాడు గ్రంథాలయము ఎప్పటి వేళకే తెరువబడును. పందిరివారు గుంజలు పెరుకుచు, ఎరువు తెచ్చిన కుర్చీలను లెక్కపెట్టి బండికెత్తుచుందురు. ఆ సందడిలో ఎవరో యొకరు తడబడక వాని నడుమనుండి లోనికి వచ్చి, నాటి పత్రిక అందుకొని, కిటికీ ప్రక్క బల్లవద్ద కూర్చుందురు.